తెల్లబాల్ దిక్కు చూడమన్న మనిషి

కామారెడ్డిలో నిజాంసాగర్ చౌరస్తా దాటాక, ఒక ఎరువుల దుకాణం పైఅంతస్తులో, రెండు స్నూకర్ బల్లలున్న హాలు ఒకటుంది. దానికి యజమాని, నిర్వాహకుడు, ఆచార్యుడు, పొద్దున్నే చీపురు పట్టేవాడు, ఈ నాలుగు పదవులూ చక్రధర్‌వే. యాభై రెండేళ్ళ మనిషి. మస్కట్‌లో ఒక క్లబ్బులో పదకొండేళ్ళు మార్కర్‌గా చేశాడు. మార్కరంటే ఆడేవాళ్ళకు బంతులు పేర్చి, పాయింట్లు రాసి, ఓడినవాళ్ళ తిట్లు ఓపిగ్గా వినే ఉద్యోగి. గల్ఫ్ వెళ్ళినవాళ్ళు బంగారమో, దుప్పట్లో, కనీసం నడుంనొప్పో తెచ్చుకుంటారు. చక్రధర్ ఒక సిద్ధాంతం తెచ్చుకున్నాడు.

ఆ సిద్ధాంతం కరాచీ నుంచి వచ్చిన ఒక ముసలి మార్కర్ ఆయనకు బోధించినది. కర్రను ముందుకూ వెనక్కూ ఆడిస్తున్నంతసేపు చూపు తెల్ల బంతికీ, పాకెట్‌లో వేయాల్సిన రంగు బంతికీ మధ్య ఎన్నిసార్లయినా తిరగొచ్చు. కానీ కర్ర ఆఖరిసారి వెనక్కి వెళ్ళి ఒక్క క్షణం ఆగుతుంది చూడండి, అప్పుడు చూపు రంగు బంతి మీద, తెల్లది వచ్చి తగలాల్సిన చోట నిలిచిపోవాలి. తెల్ల బంతి అనేదొకటి ఉన్నదన్న సంగతే మరిచిపోవాలి. "ఆఖ్రీ నజర్ లాల్ పర్", ఆఖరి చూపు ఎర్రదాని మీద, అనేవాడట ఆ ముసలాయన, నమాజుకు వెళ్ళేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి.

ఈ సత్యాన్ని చక్రధర్ కామారెడ్డిలో ఎవరి దగ్గరా దాచలేదు. డిగ్రీ పిల్లలకు చెప్పాడు, బీమా ఏజెంట్లకు చెప్పాడు, కింద ఎరువులు కొనడానికొచ్చి దారితప్పి మెట్లెక్కిన రైతులకు కూడా చెప్పాడు. ఒక్కడికి మాత్రం తిరగేసి చెప్పాడు.

ఆ ఒక్కడి పేరు రాజలింగు. ఎల్లారెడ్డిలో కాలిపోయిన బోరు మోటార్లకు కొత్త వైరు చుట్టే మెకానిక్. వారానికోసారి రాగి వైరు కోసం కామారెడ్డి వచ్చేవాడు. ఒకసారి బస్సు దాటిపోయి, ఇంకోదానికి రెండు గంటలుందని మేడెక్కి కూర్చున్నాడు. గోడకానుకుని ఆట మొత్తం చూసి, చివర్న, "అన్నా, నేనొక్కటి కొట్టుదునా?" అన్నాడు.

కొట్టాడు. పడింది. కొత్తవాళ్ళకు మొదటిది పడటం మామూలే కదా అని చక్రధర్ పెద్దమనసుతో నవ్వాడు. రెండోదీ పడింది. ఐదోది పడేసరికి పెద్దమనసు సన్నగిలింది.

"ఎట్ల కొట్టినవ్ తమ్మీ?"

"ఏమో అన్నా. అది గటు పోవాలె అన్పిచ్చింది. పోయింది."

పదకొండేళ్ళు ఎడారిలో తిట్లు తిని ఒక సిద్ధాంతం సంపాదించిన మనిషికి ఇంతకన్నా పెద్ద అవమానం ఉండదు. అయినా చక్రధర్ రాజలింగును చేరదీశాడు. కర్ర పట్టడం నేర్పాడు, బల్ల మీద చెయ్యి ఎలా ఆనించాలో నేర్పాడు, నియమాలన్నీ నేర్పాడు. రాజలింగు ఆయన్ని గురువన్నాడు, అన్న అన్నాడు, పండగకు సీతాఫలాల బుట్ట తెచ్చాడు. చూపు సంగతి మాత్రం ఇద్దరి మధ్యా ఎన్నడూ రాలేదు. పడుతున్నవాడికి చూపు గురించి చెప్పాల్సిన అవసరమేముంది?

రెండు వేల పదహారులో కామారెడ్డి జిల్లా అయింది. జిల్లా అయ్యాక ఊళ్ళో ప్రతిదీ జిల్లా స్థాయిదే కావాల్సి వచ్చింది. ముగ్గుల పోటీ జిల్లా స్థాయిది, కబడ్డీ జిల్లా స్థాయిది, చివరికి దోసెల బండి మీద కూడా జిల్లా పేరెక్కింది. చక్రధర్ కూడా తన హాల్లో జిల్లా స్థాయి స్నూకర్ పోటీ పెట్టాడు. పోటీ పెట్టినవాడే పోటీలో ఆడకూడదని ఎక్కడా రాసిలేదు కాబట్టి తానూ ఆడాడు. ఫైనల్లో ఎదురుగా రాజలింగు నిలబడ్డాడు.

ఐదు ఫ్రేముల్లో, అంటే ఐదు ఆటల్లో, మూడు గెలిచినవాడికి షీల్డు. మొదటి రెండూ రాజలింగు గెలిచాడు. దారిన పోతూ చింతకాయలకు రాయి విసిరినంత తేలిగ్గా గెలిచాడు. మేడ మీద డెబ్భై మంది జనం. వాళ్ళలో సగం మంది చక్రధర్ శిష్యులే, ఈలలు మాత్రం రాజలింగుకు వేస్తున్నారు. టీ తాగడానికి పదినిమిషాలు ఆపారు. మెట్ల దగ్గర రాజలింగు గ్లాసు పట్టుకుని గురువు పక్కన నిలబడ్డాడు.

"అన్నా, ఒకటడుగుత. అందరు నన్ను అడుగుతున్నరు, కొట్టేటప్పుడు ఎటు జూస్తవ్ అని. నాకేమో తెల్వకపాయె. నువ్వంటే గీ ఆటల చదువుకున్నోనివి. ఆఖరికి ఏ బాల్ దిక్కు జూడాలె?"

చరిత్రలో పెద్ద పెద్ద ద్రోహాలకు విషపు గిన్నెలూ, రహస్య లేఖలూ, కోటగుమ్మాల తాళాలూ కావాల్సి వచ్చాయి. చక్రధర్‌కు సగం తాగిన టీ గ్లాసు చాలింది.

"తెల్లబాల్ దిక్కు," అన్నాడు.

"తెల్లదాని దిక్కా?"

"మరి నీ స్టిక్కుతోని నువ్వు కొట్టేది దేన్ని?"

"తెల్లదాన్నే."

"కొట్టేదాని దిక్కు జూడక, అవతలున్నదాని దిక్కు జూస్తరా ఎవరన్న?"

రాజలింగు తల ఊపాడు. తర్కం అంత నున్నగా ఉంటే ఎవరైనా ఊపుతారు. గ్లాసు కింద పెట్టి వెళ్ళి, జీవితంలో మొదటిసారి తానెటు చూస్తున్నాడో చూసుకుంటూ ఆడాడు. నడుస్తూ నడుస్తూ తన కాళ్ళ గురించి ఆలోచించినవాడిలా తడబడ్డాడు. బంతులు పాకెట్ మూతి దాకా పోయి, మొహం తిప్పుకుని పక్కకు దొర్లాయి. మిగిలిన మూడు ఫ్రేములూ చక్రధర్ గెలిచాడు.

షీల్డు అందుకున్నప్పుడు అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది రాజలింగే. ఆ పూట చక్రధర్ ఇంట్లోనే తిన్నాడు కూడా. "అన్న చెప్పిండు గని, నాకే అలవాటు గాలె వదినా. టైం పడ్తది," అని చక్రధర్ భార్య గంగమణికి వివరించాడు. చక్రధర్ ఆ మాట పక్కనే కూర్చుని విన్నాడు. అప్పుడు చెప్పి ఉంటే అది ఒక వేళాకోళంగా పోయేది. ఆ పూట పోనిచ్చాడు. మర్నాడు చెబితే చిన్న తప్పుగా పోయేది. మర్నాడూ పోనిచ్చాడు. ఏడాది తిరిగాక చెబితే ఏమయ్యేదో ఊహించడానికి ధైర్యం చాలలేదు.

ఆయన దగ్గర సమర్థన లేకపోలేదు. తెల్ల బంతి బల్ల అంచుకు అతుక్కుని ఉన్నప్పుడు ఆఖరి చూపు దానిమీదే ఉంచే ఆటగాళ్ళున్నారు. అంటే తాను చెప్పింది అబద్ధం కాదు, సందర్భం చెప్పని నిజం. ఈ వాదనను తొమ్మిదేళ్ళలో ఎన్నోసార్లు తన ముందు తానే వినిపించుకున్నాడు. న్యాయమూర్తి కూడా తానే అయినా ఒక్కసారీ కేసు గెలవలేదు.

రాజలింగు మాత్రం ఆట వదల్లేదు. ఆరేళ్ళ కింద ఎల్లారెడ్డిలో తన మోటార్ల షాపు ముందు సగం ఖాళీ చేసి, పాత బల్ల ఒకటి కొని వేశాడు. ఆ బల్ల వెతికిపెట్టింది చక్రధరే. మంచి కర్రలు రెండు ఊరికే ఇచ్చాడు. కర్ర మొనకు పూసే చాక్ ముక్కలు డబ్బాలకొద్దీ బస్సులో పంపాడు. తాను మాత్రం ఎన్నిసార్లు రమ్మన్నా ఎల్లారెడ్డి వెళ్ళలేదు. ఒకసారి హాలుకు సున్నాలన్నాడు, ఒకసారి గంగమణి మోకాళ్ళన్నాడు. మోకాళ్ళు బాగానే ఉన్నాయి.

*

మొన్న వానాకాలం చివర్లో ఒక సోమవారం రాజలింగు మేడెక్కి వచ్చాడు. ముక్కు మీద దళసరి అద్దాలు, వెనక కూతురు అనిల. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. చక్రధర్ ఆ పిల్లను ఎప్పుడో చిన్నప్పుడు చూశాడు.

"అన్నా, బల్ల అమ్మేద్దామనుకుంటున్న. ఎవరన్న తీసుకునేటోళ్ళుంటే చూడు," అన్నాడు రాజలింగు, కూర్చోకుండానే.

"ఎందుకు తమ్మీ?"

"నా కండ్లు పనిచేస్తలేవు. నువ్వు చెప్పినట్లే తెల్లబాల్ దిక్కు జూస్త, ఏకాగ్రతతోని జూస్త, ఎర్రది గోరంత పక్కకు పోతది. తొమ్మిదేండ్ల సంది గదే. మూడుసార్లు అద్దాలు మార్పిచ్చిన. కండ్ల డాక్టరేమో, 'నీ కండ్లు మంచిగున్నయయ్యా, అద్దాలెందుకు' అంటడు. వానికేం తెలుసు? బలవంతం జేసి రాపిచ్చుకున్న. మా అవ్వ ఆకుపసరు గూడ పోసింది."

వెంట్రుకంత సన్నని రాగి వైరును చీకటి షాపులో చుట్టి, ఒక్క చుట్టు కూడా తేడా రాకుండా మోటారు నడిపించే మనిషి తన కళ్ళు పనిచేయడం లేదంటున్నాడు. గురువు మాటకూ తన కళ్ళకూ పొసగకపోతే కళ్ళలోనే దోషముండాలని తీర్మానించుకున్నాడు. దానికి డాక్టరు కూడా అడ్డురాలేకపోయాడు.

"నాదంటే అయిపాయె," అన్నాడు రాజలింగు. గొంతు తగ్గించాడు గానీ కూతురికి వినబడనే వినబడింది. "గీ పిల్లకు గూడ నా కండ్లే వచ్చినయన్నా. నాకన్న మంచిగ ఒంగుతది, చెయ్యి నిలకడ, అన్ని ఉన్నయి. హైద్రబాద్‌ల ఆడపిల్లల సెలక్షన్‌కు పేరిచ్చింది. ఇంక పదిహేను రోజులుంది. గాడికి పోయి నల్గుట్ల నవ్వులపాలయితదని వద్దంటున్న. నువ్వొక్కసారి చూడు. నువ్వు గూడ వద్దంటే ఇంటది."

"పెద్దబాపూ, నేను కొడ్త, చూడు. నువ్వు పొమ్మంటె పోత," అంది అనిల. ఆ 'పొమ్మంటె' అన్నప్పుడు తండ్రి వైపు చూడలేదు.

కొట్టింది. చక్రధర్ మస్కట్‌లో కూడా అంత శుభ్రమైన చెయ్యి చూడలేదు. కర్ర రైలుపట్టా మీద పోయినట్టు పోతోంది. కానీ ఆఖరి క్షణంలో ఆ పిల్ల కళ్ళు టక్కున కిందికి దిగి తెల్ల బంతి మీద వాలుతున్నాయి. ఎర్ర బంతి గోరంత పక్కకు పోయింది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ గోరంత. ఆ గోరు ఎవరిదో హాల్లో ఒక్కడికే తెలుసు.

"ఏమంటవన్నా?" అన్నాడు రాజలింగు.

చక్రధర్ నోరు తెరిచాడు. "ఆలోచించి చెప్త," అని మూశాడు.

*

మధ్యాహ్నం అన్నంలో చెయ్యిపెట్టి కూర్చున్నాడు. ఎదురుగా గంగమణి ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది.

"ఏమయ్య, కూరల ఏమన్న పడ్డదా, గంతగనం జూస్తున్నవ్?"

చెప్పాడు. టీ గ్లాసు దగ్గర్నుంచి ఆకుపసరు దాకా అంతా చెప్పాడు. గంగమణి చేతిలో బీడీ సగంలో ఆగింది. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో అది అరుదైన సంఘటన.

"తొమ్మిదేండ్ల సంది నాకు చెప్పలే."

"ఎట్ల చెప్పాలె?"

"నోటితోని." బీడీకి దారం చుట్టి పక్కన పడేసింది. "ఆనాడు నువ్వు గెలిచినవని బెల్లం పాశం వండిన. రెండుసార్లు పెట్టిచ్చుకోని తిన్నవ్. రాజలింగు గూడ తిన్నడు. నేనే కొసరి కొసరి పెడితిని గదా, పాపం ఓడిపోయి వచ్చిండని."

"ఇప్పుడేం జెయ్యాలె?"

"గా పిల్లకు పదిహేను రోజులే ఉన్నయంటివి గద. ఇంక నన్ను అడుగుతున్నవా?"

చక్రధర్ అడగడం మానేసి ఫోన్ తీశాడు. మనిషి ఎదురుగా చెప్పలేనివి చెప్పడానికే ఫోన్ కనిపెట్టారని ఆయన నమ్మకం. అయితే అవతలివాడి గొంతు వినగానే, ఒప్పుకోలు కోసం కూడబలుక్కున్న మాటలు ఒక అంతర్జాతీయ వార్తగా మారిపోయాయి.

"తమ్మీ, విదేశాల పద్ధతి మారిందట."

"ఏం పద్ధతన్నా?"

"అదే, ఆఖరి చూపు. ఇప్పుడందరు ఎర్రబాల్ దిక్కే జూస్తున్నరట."

"ఎప్పటి సంది?"

"ఈ నడుమనే."

"ఇడ్సిపెట్టన్నా. వాళ్ళు ఏడాదికో తీరు మారుస్తరు. మనకు నువ్వు చెప్పిందే కరెక్టు. నా కండ్లు మంచిగ లేకపోతె నీ మాట తప్పయితదా?"

"అది గాదు రాజలింగు..."

"పిల్ల ఏడుస్తుందన్నా. మళ్ళ జేస్త," అని పెట్టేశాడు.

గంగమణి చాటలోంచి తలెత్తలేదు. "ఆదివారం ఎల్లారెడ్డి బస్సు తొమ్మిదింటికుంది," అంది.

*

లింగంపేట దాటేలోపు చక్రధర్ చెప్పాల్సింది మూడు రకాలుగా తయారు చేసుకున్నాడు. ఒకటి పొడుగుది, ఒకటి పొట్టిది, ఒకటి ఏడుపుతో కూడినది. ఎల్లారెడ్డి బస్టాండులో దిగేసరికి మూడూ కలిసిపోయాయి.

షాపు వెతుక్కోవాల్సిన పని పడలేదు. వార్నిష్ వాసన వీధి మొగదలకే వచ్చి చెయ్యి పట్టుకుంది. లోపలికి అడుగు పెట్టగానే ఎదురుగోడ మీద అరచెయ్యంత అక్షరాలు కనిపించాయి. మంచి ఆకుపచ్చ ఎనామిల్ రంగు, కింద గీత కూడా గీశారు:

ఆఖరి చూపు తెల్లబాల్ మీదనే
ఇట్లు, గురువు చక్రధర్ సార్, కామారెడ్డి

తమ మాటలు గోడలకెక్కాలని మహానుభావులెందరో ఆశపడతారు. ఎక్కిన మాట తనదై, అదీ తొమ్మిదేళ్ళ కింద టీ గ్లాసుతో చెప్పిన ఆ ఒక్క మాటే అయి, కింద తన పేరూ ఊరూ ఉంటే ఎలా ఉంటుందో చక్రధర్ గుమ్మంలో నిలబడి అనుభవించాడు. ఇద్దరు యువకులు బల్ల దగ్గర ఆడుతున్నారు. కొట్టే క్షణంలో ఇద్దరి కళ్ళూ భక్తిగా తెల్ల బంతి మీదికి వంగుతున్నాయి. ఇద్దరివీ గోరంత పక్కకు పోతున్నాయి. ఒక పట్టణానికి పట్టణం గురి తప్పుతోంది.

గోడవారగా మంచం మీద రాజలింగు తల్లి పోచవ్వ కూర్చుంది. అనిల తండ్రికి వైరు అందిస్తోంది. రాజలింగు నేలమీద కూర్చుని, విప్పిన మోటారులో రాగి వైరు లాగుతూ చుట్లు లెక్కపెడుతున్నాడు. చక్రధర్‌ను చూసి మొహమంతా విప్పారింది గానీ లెక్క ఆపడానికి వీల్లేదు కాబట్టి, కనుబొమలతోనే కూర్చోమన్నాడు.

"ముప్పై ఒకటి, ముప్పై రెండు..."

ఇంతకన్నా మంచి అవకాశం రాదు. అవతలివాడు మధ్యలో మాట్లాడలేడు.

"తమ్మీ, నేనొక మాట చెప్పెతందుకొచ్చిన. తప్పు నీ కండ్లది గాదు. అనిల కండ్లది గూడ గాదు."

"ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది..."

"ఆనాడు ఫైనల్ల నేను కావాల్నని ఉల్టా చెప్పిన. ఆఖరికి ఎర్రబాల్ దిక్కే జూడాలె. నాకు తెలుసు. తెలిసే చెప్పిన. రెండు ఫ్రేములు నువ్వు గెలిచినవ్, అందరు నీకు ఈలలేస్తున్నరు, నాకు ఓర్వబుద్ధి గాలె."

"నలభై నాలుగు." రాజలింగు చేతిలో వైరు నెమ్మదించింది. "నలభై ఐదు. నలభై..."

ఆగాడు. బల్ల దగ్గర యువకులు కూడా ఆగారు. రాజలింగు, లెక్క తప్పినందుకు, చుట్టిన నలభై ఐదు చుట్లనూ ఒక్కొక్కటిగా వెనక్కి విప్పాడు.

ముందు మాట్లాడింది పోచవ్వ. "నేను మొదలే అన్న, నా కొడుక్కు ఎవరిదో దిష్టి తాకిందని. గిప్పుడు తెలిసింది ఎవరిదో." చక్రధర్‌ను పైనుంచి కిందికి చూసింది. "కూసో నాయినా. ఛాయ్ తాగుతవా?"

ఆమె ఛాయ్ ఇవ్వజూపడం దెబ్బకన్నా గట్టిగా తాకింది.

అనిల వైరు చుట్ట కింద పెట్టింది. లేచి, ఒక యువకుడి చేతిలోంచి కర్ర తీసుకుంది. వంగింది. కర్ర వెనక్కి వెళ్ళి ఆగింది, కళ్ళు దిగబోయాయి, దిగలేదు. ఎర్ర బంతి పాకెట్‌లో పడ్డ చప్పుడు షాపంతా వినబడింది. ఇంకోటి వేసింది. మూడోది బల్ల ఈ చివర నుంచి ఆ చివరకు. నాలుగోది తప్పింది గానీ, ఆ పిల్ల అప్పటికే నవ్వుతోంది, ఏడుస్తోంది, రెండూ కలిపి చేస్తోంది.

"బాపూ, నేను పోత," అంది.

"పో బిడ్డా," అన్నాడు రాజలింగు. లేచి అద్దాలు తీసి మోటారు మీద పెట్టాడు. తానూ కర్ర తీసుకుని, ఎర్ర బంతి మీద చూపు నిలిపి కొట్టాడు. పోలేదు. మళ్ళీ. పోలేదు. ఆఖరి క్షణంలో మెడ దానంతటదే కిందికి వంగుతోంది. కూతురికి ఆరేళ్ళ అలవాటు, పైగా చిన్న వయసు. ఆయనకు తొమ్మిదేళ్ళది ఎముకలోకి దిగింది. పదిసార్లు కొట్టి, కర్రను బల్ల మీద పెట్టాడు.

"మూడుసార్లు అద్దాలు మార్పిచ్చిన," అన్నాడు, ఎవరితోనో అన్నట్టు. "డాక్టరుతోని కొట్లాడిన."

"తమ్మీ, నన్ను తిట్టు."

"తిడ్తె ఏమొస్తది? నీకు సల్లగయితది." చక్రధర్‌కు ఇంకో కర్ర అందించాడు. "ఆనాటి ఫైనల్ అయిపోలె. రెండు సున్న కాడ ఆగింది. మూడో ఫ్రేమ్ ఆడుదాం."

బంతులు పేర్చారు. చక్రధర్ కష్టపడాల్సిన పనేమీ లేదని నిర్ణయించుకున్నాడు. ఈ ఒక్క ఫ్రేమూ ఓడిపోతే షీల్డు న్యాయంగా ఎల్లారెడ్డికి వచ్చేస్తుంది. మెత్తబడ్డ మనసుతో, గొప్ప త్యాగం చేస్తున్నవాడి మొహంతో, కళ్ళు మూసుకుని కొట్టినా పడే ఎర్ర బంతిని పక్కకు పోనిచ్చాడు. తర్వాత ఇంకో ఎర్రదాన్ని పోనిచ్చాడు. మూడోసారి నీలం బంతిని పోనిచ్చేసరికి రాజలింగు బల్ల మీద చెయ్యి పెట్టి ఆపాడు.

"గా బ్లూ నువ్వు నిద్రల గూడ ఏస్తవ్."

"చెయ్యి జారింది తమ్మీ."

"జారలె. ఆనాడు గెలిచేటందుకు మోసం జేసినవ్. గిప్పుడు ఓడెటందుకు జేస్తున్నవ్." రాజలింగు గొంతు మొదటిసారి లేచింది. "పదేండ్లాయె నీ ఎంబడి తిరుగవట్టి. నాతోని ఒక్క ఫ్రేమన్న సక్కగ ఆడవా అన్నా?"

పొద్దున్నుంచీ చక్రధర్ తిట్లకు సిద్ధపడి ఉన్నాడు, కొడితే కొట్టించుకోవడానికీ సిద్ధపడ్డాడు. ఈ ప్రశ్నకు మాత్రం సిద్ధపడి రాలేదు. నీలం బంతిని తీసి దాని చోట పెట్టి, మొదట్నుంచి మళ్ళీ పేర్చాడు.

ఈసారి చక్కగానే ఆడాడు. చక్కగా అంటే నిజాయితీగా అని మాత్రమే. సులువైనవి కూడా తప్పాయి. రాజలింగు మెడతో కొట్లాడుతూ ఆడాడు. నాలుగు తప్పితే ఒకటి పడుతోంది, ఆ పడ్డ ఒక్కటీ మాత్రం చింతకాయకు రాయి తగిలినట్టు పడుతోంది. జిల్లా స్థాయిలో ఇంత ఘోరమైన ఆట ఎవరూ చూసి ఉండరు. అయినా వీధిలోంచి ఇద్దరు ముగ్గురు లోపలికొచ్చి నిలబడ్డారు. గంటన్నర గడిచాక బల్ల మీద నల్ల బంతి ఒక్కటే మిగిలింది. అది వేసినవాడిదే ఫ్రేమ్. కొట్టే వంతు చక్రధర్‌ది.

దగ్గరి బంతే. తిన్నని దారే. చక్రధర్ వంగాడు. ఈ ఒక్కటీ వేయాలని నిండు మనసుతో అనుకున్నాడు. గెలిస్తే రాజలింగు మళ్ళీ ఓడతాడు, కానీ చక్కగా ఓడతాడు, అడిగింది అదే కదా. చూపు నల్ల బంతి మీద, తగలాల్సిన చోట, పెట్టాడు. కర్ర వెనక్కి వెళ్ళి ఆగింది. ఆ ఆగిన క్షణంలో నల్ల బంతి అవతల, పాకెట్ వెనక, రాజలింగు ఒట్టి కళ్ళు కనిపించాయి.

కొట్టాడు. నల్ల బంతి పాకెట్ మూతి దాకా వెళ్ళి, గోరంత పక్కన ఆగిపోయింది. ఊదితే పడేలా ఉంది.

రాజలింగు బంతి వైపు చూడలేదు.

"గిది గూడ కావాల్నని పోగొట్టినవా?"

"లేదు."

"ఒట్టు?"

చక్రధర్ ఒట్టు పెట్టబోయాడు. మస్కట్ మీద, గంగమణి మీద, దేవుడి మీద పెట్టడానికి నోరు తెరిచాడు. కానీ ఆ కళ్ళు కనిపించినప్పుడు లోపల ఏదో కదిలింది. అది భయమో, జాలో, పాత అలవాటో. చెయ్యి దాని మాట విన్నదో, తానే చేతికి చెప్పాడో. ఎంత వెతికినా దొరకలేదు.

"నాకే తెల్వదు తమ్మీ," అన్నాడు.

పడబోయే బంతి రాజలింగు ముందుంది, ఒక్క తాకుడుతో తొమ్మిదేళ్ళ ఫైనల్ తనదైపోతుంది. కర్ర ఎత్తకుండానే, చెయ్యి చాపి నల్ల బంతిని బల్ల మీంచి తీసేశాడు. ఆట మధ్యలో బంతిని చేత్తో తీయడం స్నూకర్‌లో పెద్ద తప్పు. కానీ ఆ తప్పును ఎత్తిచూపగల అర్హత ఉన్న మనిషి ఆ సమయానికి షాపులో ఎవరూ లేరు.

"నీకు తెలిసేదాక ఆడుదాం," అన్నాడు. "అనిలా, బాల్స్ పేర్చు."

"నాకు మూడింటికి బస్సుంది..."

"ఆరింటికి గూడ ఉంది. కొట్టన్నా."

పోచవ్వ ఛాయ్ గ్లాసు తెచ్చి ఇచ్చింది. చక్రధర్ దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు చేతిలోనే పట్టుకున్నాడు. తర్వాత ఒక్క గుక్కలో తాగేసి, నాలుక కాల్చుకుని, కర్ర కొనకు చాక్ రుద్దుకుంటూ బల్ల దగ్గరికి నడిచాడు.